సెక్టర్ సెవెన్‌లో పెట్టిన పరస్థానం

ముందే చెప్పేస్తున్నాను, ఈ సంగతిలో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. తెల్లచీరలూ గజ్జెల చప్పుడూ ఉంటాయేమోనని చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను భిలాయిలో ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. దయ్యాలంటే నాకు భయం లేదనడం కంటే వాటి మీద గౌరవం లేదనడం సబబు. చిన్నప్పుడు పార్వతీపురం వైపు చుట్టాలింటికి వెళితే, పెద్దవాళ్లు చెప్పే దయ్యాల కథలకి మధ్యలో ప్రశ్నలు వేసి, కథ పాడుచేసి, తిట్లు తిన్న పిల్లని నేను.

ఇప్పటికీ ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు. కానీ మా ఆయన విషయంలో జరిగింది ఏమిటో నాకు తెలియదు. తెలియదన్న మాట క్లాసులో పిల్లల ముందు అనడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అందుకే ఇక్కడా అనేస్తున్నాను.

మా ఆయన పేరు సత్యనారాయణ. మా అత్తగారికి సత్తిబాబు, మిల్లులో స్నేహితులకి సత్తీ. ఇక్కడి స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పని. మామగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఇదే ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి చాలా కాలమైంది. మాకు పిల్లలు లేరు. సెక్టర్ సిక్స్‌లో మేడమీది క్వార్టర్లో అత్తగారూ, ఆయనా, నేనూ ఉంటాం.

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన నోటి గురించి చెప్పాలి. కూరలబండివాడితో మొదలుపెట్టి మా ప్రిన్సిపాల్ దాకా ఎవరినీ వదిలేవారు కాదు. నా వంట మీద, నా పాఠాల మీద, నా స్కూటీ నడపడం మీద రోజుకో మాట అనకపోతే ఆయనకి అన్నం సహించేది కాదు. నేను విసుక్కునేదాన్ని. ఆ విసుక్కోవడం ఎంత సుఖమో నాకు అప్పుడు తెలియదు.

కిందటేడు వానలు వెనకబడ్డాక ఆయనకి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. తర్వాత బరువు తగ్గారు. తర్వాత చేతిలో పట్టు తగ్గింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకున్నట్టే ఉండేవారు, గ్లాసు కింద పడేది. మొదట్లో షిఫ్టుల అలసట అనుకున్నాం. ప్లాంటు ఆసుపత్రిలో చూపించాం, రాయపూర్‌లో చూపించాం. రక్తం తీశారు, స్కాన్లు తీశారు, నడుము ఎముకలోంచి మజ్జ తీశారు. ఒక డాక్టరు టీబీ అన్నారు, తర్వాత కాదన్నారు. ఒకరు నరాలన్నారు. ఇంకొకరు నా మొహం చూసి, అనబోయిన మాట మింగేశారు.

ప్రతిచోటా చివరికి ఒకటే జవాబు వచ్చేది, రిపోర్టులు బాగానే ఉన్నాయని. రిపోర్టులు బాగుంటే సంతోషించాలి కదా. నాకైతే ఆ మాట వింటే భయం వేసేది. పేరున్న జబ్బయితే దానితో పోట్లాడొచ్చు. పేరే లేనిదాని మీదికి ఏ మందు పట్టుకుని వెళ్తాం?

ఆఖరికి దక్షిణాన ఉన్న ఆ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. పేరు చెప్పను. భిలాయిలో ఎవరింట్లోనైనా "అక్కడికి తీసుకెళ్తున్నాం" అంటే ఎక్కడికో అడగరు. గొంతు మాత్రం తగ్గిస్తారు.

అక్కడికి వెళ్లడమంటే ఊరికే వెళ్లి రావడం కాదు, కాపురం ఎత్తి ఇంకోచోట పెట్టడం. ఒక పరీక్ష అయితే ఇంకో పరీక్షకి రాస్తారు, దాని రిపోర్టు వచ్చేదాకా ఆగమంటారు, అది చూసి ఇంకో డిపార్ట్‌మెంటుకి పంపిస్తారు. కనీసం నెల రోజులు అనుకోండి, ఇంకా పట్టినా ఆశ్చర్యపోకండి అన్నారు ఇక్కడి డాక్టరు. వంట చేసుకోనిచ్చే లాడ్జిలో గది మాట్లాడుకోవాలి. మా వీధిలో అక్కడికి వెళ్లొచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి మా ముందుగదిలో కూర్చుని సలహాలిచ్చారు. చిన్న కుక్కరూ ఇండక్షన్ పొయ్యీ పట్టుకెళ్లమన్నారు. బకెట్టు అక్కడే కొనుక్కోమన్నారు. క్యూలో కూర్చోడానికి మడత స్టూలు ఉంటే ప్రాణం సుఖపడుతుందన్నారు. స్కాను రోజుల్లో హుక్కులూ జిప్పులూ లేని బట్టలు వేయమన్నారు. పాత ఎక్స్‌రే ఒక్కటి కూడా ఇంట్లో వదలొద్దన్నారు.

అందరూ అన్నీ చెప్పారు. వెళ్లిన జంటల్లో ఎన్ని జంటలు తిరిగొచ్చాయో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను పనిమంతురాలిననే పేరుంది. మజ్జ తీసిన స్లైడ్లు ల్యాబు నుంచి తెచ్చి, పగలకుండా పత్తిలో చుట్టి డబ్బాలో పెట్టాను. కందిపొడి కొట్టాను, చారుపొడి కొట్టాను. రిపోర్టులన్నీ వరసలో పెట్టాను. కానీ ఆయన చొక్కాలు మడతపెట్టాల్సి వచ్చేసరికి నా వల్ల కాలేదు. ఎన్ని పెట్టాలి? ఎక్కువ పెడితే అక్కడ చాలాకాలం ఉండిపోతామని ఒప్పుకున్నట్టు. తక్కువ పెడితే, ఆ ఆలోచన పూర్తిచెయ్యడానికి కూడా ధైర్యం లేకపోయింది. చొక్కాల మధ్య నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన మంచం మీంచి చూశారు. "ఏటి టీచరమ్మా, సొక్కాల్ని సూసి ఏడుస్తన్నావేటి? మడిసిక్కడే ఉన్నాడు గదా, మడిసిని సూసి ఏడు" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. అప్పటికి ఆయన ఇంకా అలాగే ఉండేవారు. ఒళ్లు తగ్గింది గాని నోరు తగ్గలేదు.

ఇక అసలు విషయం. ఆసుపత్రి వాళ్లిచ్చిన తేదీకి అందుకోవాలంటే మాకు దొరికిన రైలు మంగళవారం ఒక్కటే. అత్తగారు వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఓలమ్మా, మంగళారం! పైగా ఆడికి తారాబలం లేని రోజు. రోగిష్టి మడిసిని అలాటి రోజున బయలెల్లదీస్తావేటే? నానొప్పుకోను."

టిక్కెట్టు మార్చుకుంటే ఆసుపత్రిలో తేదీ పోతుందనీ, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదనీ చెప్పాను. ఆవిడ మళ్లీ క్యాలెండరు వైపు తిరిగి, ముందు రోజుల మీద వేలు పెట్టి చూశారు. "అలగయితే పరస్థానం ఎట్టీ" అన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకు ముందు వచ్చే ఒక మంచి ముహూర్తానికి ప్రయాణం చేసే మనిషి బట్టలు ఒక సంచిలో పెట్టి, దారిలో ఉన్న వేరే ఇంట్లో ఉంచుతారు. ఆ సంచి మన గడప దాటిన క్షణమే మనిషి బయలుదేరినట్టు లెక్క. అసలు రోజున ఆ ఇంటి మీదుగా వెళ్తూ సంచి తీసుకుంటారు. మధ్యలో అది మళ్లీ ఇంటికి రాకూడదు. దీన్నే పరస్థానం పెట్టడం అంటారు. ఇంటర్వెల్లోనే పుస్తకాల సంచి తెచ్చి బెంచీ మీద పెట్టి చోటు పట్టుకునే పిల్లల తెలివిలాగే ఉంటుంది నాకు ఇది. పోనీలే, పెద్దావిడ మనసు కుదుటపడుతుంది, మనకి పోయేదేముంది అనుకున్నాను.

సంచి పెట్టడానికి సాహూ భయ్యా ఇల్లు అనుకున్నాం. ఆయన మిల్లులో మా ఆయనకి జోడీ, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషి. సెక్టర్ సెవెన్‌లో కింది క్వార్టరు, స్టేషనుకి మేము వెళ్లే దారిలోనే. ఆయన భార్యని నేను దీదీ అంటాను, ఆవిడ నన్ను భాభీ, మా ఆయన్ని భయ్యా అంటుంది. వాళ్లకి తెలుగు ఒక్క ముక్క రాదు, పరస్థానం అంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు. చెప్పడానికి నాకూ నామోషీ అనిపించింది. సామాను ఎక్కువగా ఉంది, ఒక సంచి మీ దగ్గర ఉంచుతాం, స్టేషనుకి వెళ్తూ తీసుకుంటాం అని మాత్రం అన్నాను. ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానికి దీదీ మనసులో ముందే ఏ ఊహా లేదు. మేము ఏం చేస్తున్నామో ఆవిడకి తెలియనే తెలియదు.

సంచి నేనొక్కదాన్నే తీసుకెళ్లాల్సింది. ముహూర్తం వేళకి అత్తగారు పూజలో ఉన్నారు. నేను సంచి పట్టుకునేసరికి ఆయన మంచం దిగి చెప్పులు వేసుకుంటున్నారు. "సాహూగాడిని సూసి ఎన్నాళ్లయిందో. నానూ వస్తాను, పద" అన్నారు. అప్పటికి నెమ్మదిగా నడవగలిగేవారు. సరదా పడుతున్నారు కదా అని ఆటో పిలిచాను. సంచి కూడా నాకివ్వలేదు, తనే పట్టుకుని మా గడప దాటారు, తనే పట్టుకుని వాళ్ల గడప ఎక్కారు.

వాళ్ల ముందుగదిలో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. సంచి కుర్చీ పక్కన పెట్టుకున్నారు. టీ తాగారు. నీ పొట్ట చూస్తే క్రేన్ పెట్టి లేపాలిరా అని హిందీలో సాహూ భయ్యాని ఏడిపించారు. అందరం నవ్వాం. ఎండ తగ్గేదాకా కూర్చుని, సంచి అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాం. మా మెట్ల మధ్యలో ఆయన ఆగి, మెట్టు మీద కూర్చుండిపోయారు. నేను పట్టుకుని లేపి తీసుకొచ్చాను.

సాయంత్రం మాటల్లో అత్తగారికి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఆడు కూడా ఎల్లాడా?"

"వెళ్తే ఏమైందండీ?"

"సంచి ఎల్లాలి గాని మడిసి ఎల్లకూడదే అమ్మా. బయలెల్లిన మడిసి మళ్లీ ఎనక్కొచ్చి ఇంట్లో కూకుంటే ఎలగ?"

ఏమవుతుందని అడిగాను. "ఏటవుతాదో నాకూ తెల్దు. మాయమ్మ వద్దన్నాది, అంతే" అన్నారు. ఆవిడ నన్ను భయపెట్టాలని అనలేదు. ఆవిడకే భయం వేసింది.

మర్నాటి నుంచి ఆయన మంచం దిగలేదు. అది జబ్బు వల్ల అనుకోవచ్చు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ మాట కూడా ఆగిపోయింది. అడిగితే ఊఁ అనేవారు. పెడితే తినేవారు. ఉప్పు వెయ్యకుండా పప్పు పెట్టి చూశాను. పెళ్లయిన నాటి నుంచీ ఇలాంటిదానికి నన్ను వారం రోజులు ఏడిపించే మనిషి, కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఇంత దీర్ఘమైన జబ్బులో మనసు కుంగిపోవడం మామూలేనమ్మా, తొందరగా తీసుకెళ్లండి అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దీదీ ఫోన్ చేసింది. కోపంగా ఉంది. "భాభీ, భయ్యాని ఒంటరిగా ఎలా పంపించావు? ఇప్పుడే వచ్చి కూర్చున్నారు. నేను టీ పెట్టి తెచ్చేలోపు వెళ్లిపోయారు" అని హిందీలో గబగబా అనేసింది. నేను తల తిప్పి చూశాను. ఆయన నా ఎదుటే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఇంకెవరినో చూసి పొరబడ్డావు దీదీ అన్నాను. భయ్యాని గుర్తుపట్టలేనా అని ఆవిడ నవ్వింది. మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు ఆవిడకి ఉంది. కల వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తర్వాత సాహూ భయ్యా. పొద్దున షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం బయట ప్లాంటు సేఫ్టీ షూస్ జత ఉందట. తనవి తన కాళ్లకే ఉన్నాయి. ఆ జత మొనలు వీధివైపు తిరిగి ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా బూట్లు అలా తిప్పి విడిచే అలవాటు మిల్లులో మా ఆయన ఒక్కరికే ఉంది. "అరే సత్తీ" అని పిలుస్తూ లోపలికి వెళ్తే ఎవరూ లేరు. బయటికొచ్చి చూస్తే జతా లేదు. నాకు ఫోన్ చేసి "మజాక్ బంద్ కరో, భాభీ" అన్నాడు. మేమేదో ఆట పట్టిస్తున్నాం అనుకున్నాడు పాపం. ఫోన్ ఆయనకిమ్మన్నాడు. చెవి దగ్గర పెట్టాను. ఆయన విన్నారు, హా అన్నారు, నాకిచ్చేశారు. ఆయన సేఫ్టీ షూస్ మంచం కిందే ఉన్నాయి. ఆయన సెలవు పెట్టాక నేనే వాటిలో పాత పేపర్లు కుక్కి దాచాను. బయటికి తీసి చూశాను. దుమ్ము పట్టి, పేపర్లు పేపర్లలాగే ఉన్నాయి.

మూడోసారి నాకు తెలిసిన పద్ధతిలో చూద్దామనుకున్నాను. ఆయన నిద్రలో ఉండగా, మంచం పక్కన కుర్చీ వేసుకుని, నేనే దీదీకి ఫోన్ చేశాను. ఏం చేస్తున్నావని మామూలుగా అడిగాను. ఆవిడ గొంతు తగ్గించి, "ఇక్కడే ఉన్నారు భాభీ. కుర్చీలో కూర్చున్నారు. మాట్లాడటం లేదు" అంది.

ఫోన్ ఆయన దగ్గరికి తీసుకెళ్లమన్నాను.

దీదీ అడుగులు వినిపించాయి. వాళ్ల ఫ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. మా ఆయన ఏదైనా వెటకారం ఆడబోయే ముందు అలాగే సవరించుకుంటారు. ఇన్నేళ్లు ఆ చప్పుడు వినీ వినీ, రాబోయే మాటకి ముందే మొహం చిట్లించుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ రోజు కూడా నా మొహం దానంతటదే చిట్లింది. నా ఎదుట మంచం మీద ఆయన నోరు మూసుకుని, ఊపిరి తీస్తూ నిద్రపోతున్నారు.

స్కూటీ తీసుకుని సెక్టర్ సెవెన్‌కి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి దీదీ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది, ఇప్పటిదాకా ఉన్నారు భాభీ అంటోంది. నేను లోపలికి వెళ్లి కుర్చీ మీద చెయ్యి పెట్టి చూశాను. కుర్చీ కుర్చీలాగే ఉంది. సంచి పక్కనే ఉంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఇక్కడికొచ్చి కూర్చోగలిగినవారు, గొంతు సవరించుకోగలిగినవారు, ఇంట్లో నా ఎదుట ఎందుకు అలా పడుంటున్నారు? నేనేం పాపం చేశాను? ఆ రోజు దీదీకి పరస్థానం సంగతంతా చెప్పేశాను. ఆవిడ సంచిని చూసి, ఆ తర్వాత దాని జోలికి వెళ్లలేదు. ఊడ్చేటప్పుడు కూడా దాన్ని కదపలేదట.

అత్తగారికి కూడా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "బేగి బయలెల్లండి. ఆ సంచీ, ఆడూ ఒక్కచోట పడితే సరిపోతాది. ఆడి సేతే సంచి తీయించు" అన్నారు. అప్పటిదాకా ఆసుపత్రి మీద పెట్టుకున్న ఆశంతా ఆ సంచి మీదకి మారిపోయింది. కెమిస్ట్రీ టీచర్ని, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ కుర్చీ దగ్గరికి ఆయన్ని చేరిస్తే చాలు, నా మనిషి నాకు దొరుకుతాడని నమ్మాను. నమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు.

బయలుదేరిన పొద్దున కారు మాట్లాడుకున్నాం. అత్తగారు గుమ్మంలోనే నిలబడ్డారు, మెట్లు దిగలేరు. మేం తిరిగొచ్చేదాకా ఆవిడని చూసుకుంటామని పక్క క్వార్టరువాళ్లు అన్నారు. సెక్టర్ సెవెన్‌లో కారు ఆపించి, సాహూ భయ్యా ఒకవైపూ నేనొకవైపూ పట్టుకుని ఆయన్ని దించాం. గడప దాటించాం. కుర్చీ ఖాళీగా ఉంది. దీదీ దూరంగా, గోడకి ఆనుకుని నిలబడింది.

సంచి తీసుకోండి అన్నాను. ఆయన వంగి తీసుకోబోయి, వేళ్లలో పట్టు లేక వదిలేశారు. నేను చెయ్యి కలిపి పట్టించాను. రెండు నిమిషాలు కూర్చుని వెళ్దామండీ అని కుర్చీ వైపు నెట్టాను. ఆయన కదల్లేదు. కుర్చీ వైపే చూస్తున్నారు. పొరుగువాళ్లింటికి వెళ్లి, అక్కడ తెలియనివాళ్లుంటే మొహమాటంగా చూస్తామే, అలా చూస్తున్నారు.

"ఎవులో కూకున్నారు గదా" అన్నారు.

అన్నాళ్లలో అడక్కుండా ఆయన అన్న మాట అదొక్కటే. సాహూ భయ్యాకి తెలుగు రాదు, "క్యా బోలా?" అని అడిగాడు. ఏం లేదన్నాను. రైలుకి టైమైపోతోంది. సంచితో పాటు ఆయన్ని కారెక్కించాను.

ఆసుపత్రి గురించి ఎక్కువ చెప్పను. అక్కడివాళ్లు మంచివాళ్లే. ఓపిగ్గా చూశారు, ఓపిగ్గా అన్నీ మళ్లీ మొదటి నుంచీ చేశారు. ఈ భవనం నుంచి ఆ భవనానికి చక్రాల కుర్చీ తోసుకుంటూ తిరిగాను. మడత స్టూలు నిజంగానే పనికొచ్చింది. లాడ్జి గదిలో కుక్కరు కూత వేస్తుంటే, పక్క గదుల్లోంచి కూడా కుక్కర్ల కూతలే వినిపించేవి. ఎవరి మనిషికి ఏముందో ఎవరూ అడిగేవారు కాదు. ఒక ముసలి డాక్టరుకి, ధైర్యం చేసి, ఈయన ఇంకోచోట కనిపిస్తున్నారండీ అని చెబుదామనుకున్నాను. నోరు తెరిచి, నిద్ర సరిగా పట్టడం లేదండీ అన్నాను. నాకా ఆయనకా అని అడిగారు. నాకే అన్నాను. మాత్ర రాసిచ్చారు.

అక్కడే జ్వరం తగ్గిపోయింది. ఏ మందుకి తగ్గిందో వాళ్లూ చెప్పలేకపోయారు. బరువు నిలబడింది. చేతిలో పట్టు వచ్చింది. చివరి రోజున డాక్టర్లందరూ కూర్చుని, మాకు తెలిసినంతలో ఈయనకి ఏ జబ్బూ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. బయటికొచ్చి చెబితే, క్యూలో ఉన్న ఎవరో బెంగాలీ ఆవిడ ఆ మాట విని నా చెయ్యి పట్టుకుని సంతోషంతో ఏడ్చింది. ఆవిడ భర్తకి అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. ఆవిడ ముందు నేను ఏడవలేకపోయాను.

ఇంటికి తీసుకొచ్చాను. ఇప్పుడాయన తింటారు, నడుస్తారు, స్నానం చేస్తారు, డ్యూటీకి కూడా వెళ్తున్నారు. మిల్లులో తేలిక పని ఇచ్చారు. వీధిలో అందరూ మమ్మల్ని చూపించి, అక్కడికి వెళ్తే ఎంత బాగా నయమైందో చూడండి అంటున్నారు. ఇంట్లో మాత్రం అడిగితే ఊఁ. అంతే. జబ్బూ లేదు, మనిషీ లేడు.

అత్తగారు కొన్నాళ్లు చూసి చూసి, ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నారు. "ఈడు నా కొడుకు కాదని నానన్ను. పాపం తగుల్తాది. గానీ అమ్మా, ఆడంతా రాలేదే." ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దీదీ చాలాకాలం నాకు చెప్పలేదు. ఒకరోజు సివిక్ సెంటర్ దగ్గర కూరలు కొంటుంటే కనిపించి, నా మొహం చూసి ఆగలేక చెప్పేసింది. ఆయన ఇంకా వస్తున్నారట. రోజూ కాదు, అప్పుడప్పుడు, మధ్యాహ్నం పూట. జబ్బు పడకముందు ఎలా ఉండేవారో అలా ఉన్నారట, బుగ్గలు నిండుగా. మాట్లాడరట. వీధివైపు చూస్తూ, స్టేషన్లో బండి కోసం కూర్చున్నట్టు కూర్చుంటారట. మొదట్లో భయపడ్డాం గాని ఇప్పుడు అలవాటైపోయింది భాభీ అంది. ఎంత బాగున్నారో అని కూడా అంది. ఆ మాటకి నాకు అసూయ వేసింది. అవును, అసూయే.

అప్పటి నుంచి ఆదివారాలు నేనూ వెళ్తున్నాను. ఆ కుర్చీకి ఎదురుగా కూర్చుంటాను. దీదీ ఏదో వంకతో లోపలికి వెళ్లి మమ్మల్ని ఒంటరిగా వదులుతుంది. నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. గొంతు సవరించుకున్న చప్పుడు కూడా లేదు. ఒకసారి సిగ్గు విడిచి, ఇంటికి రండి అని ఖాళీ కుర్చీకి చెప్పాను. బయలుదేరిన మనిషిని వెనక్కి రమ్మనకూడదని గుర్తొచ్చి, మళ్లీ నేనే నోరు మూసుకున్నాను.

దీన్ని రకరకాలుగా ఆలోచించాను. దీదీకి భ్రమ అయితే బూట్లు చూసిన సాహూ భయ్యా సంగతేమిటి? ఇద్దరికీ భ్రమ అయితే ఫోన్లో నేను విన్నదేమిటి? నాకూ భ్రమే అయితే, ఏమీ తెలియని మా ఆయన ఆ కుర్చీలో ఎవరిని చూశారు? జబ్బు మెదడు మీద పనిచేసిందంటే ఒప్పుకుంటాను. మరి ఆ జబ్బుకి పేరేమిటని అడిగితే అంత పెద్ద ఆసుపత్రే చెప్పలేకపోయింది. ఎవరైనా చెబితే వింటాను.

ఈ మధ్యనే దీదీ మళ్లీ ఫోన్ చేసింది. అప్పుడే స్కూలు నుంచి వచ్చి, వంట చెయ్యాలనిపించక వంటింట్లో ఊరికే నిలబడి ఉన్నాను. ఆయన మొదటిసారి మాట్లాడారట. లేచి వెళ్లబోతూ ఆగి, "ఉస్‌నే ఖానా ఖాయా?" అని అడిగారట. ఆవిడ తిన్నదా అని. ఎవరు భయ్యా అని దీదీ అడిగితే, మా సెక్టర్ వైపు చూశారట.

"ఏం చెప్పమంటావు భాభీ?" అంది దీదీ.

తిన్నదని చెప్పు అన్నాను.

ఫోన్ పెట్టేసి అన్నం వండాను. అత్తగారికి పెట్టాను. ఆయనకి పెట్టాను. ఆయన తల వంచుకుని, ఏమీ అనకుండా తింటున్నారు. చాలా రోజుల తర్వాత నేనూ ఒక కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆకలి లేదు. అయినా ఆయన అడిగారు కదా అని, మొత్తం తిన్నాను.